క్లారినెట్ తాంబూలం

ఆ పియానోను వ్యానులోంచి దించడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చారు. ముగ్గురు దాన్ని తిడుతూ దించారు. నాలుగోవాడు బైకుంఠ. నిజానికి తిట్టే హక్కు అందరికన్నా అతనికే ఎక్కువ. రేపటినుంచి దాని ముందు కూర్చోవలసినవాడు అతనే.

ఊరూరా తిరిగి నాటకాలాడే కనకబతి జాత్రా పార్టీలో కీబోర్డు వాయించేది బైకుంఠ. మొన్న వేసవి చివర్లో, నాటకం నడుస్తుండగానే గాలివాన వచ్చి డేరా ఎగిరిపోయింది. అతని పాత సింథసైజరు తడిసి ముద్దై కన్నుమూసింది. అప్పట్నుంచీ కొత్తది కొనమని యజమాని గోలక్ బాబు వెంట తిరుగుతూనే ఉన్నాడు. గోలక్ బాబు ఎంగిలిచేత్తో కాకిని తోలే రకం కాదు. కటక్‌లో ఏదో ఇంగ్లీషు బడి మూతపడితే, అక్కడి బల్లలూ బీరువాలతోపాటు ఈ డిజిటల్ పియానోను కూడా కారుచౌకగా పట్టుకొచ్చాడు.

"ఇదిగోరా నీ బాజా! మెట్లు చూసుకో, నీ పాతదానికన్నా ఎన్ని ఎక్కువో," అన్నాడు గోలక్ బాబు, గొడుగు తనకు కాకుండా పియానోకు పట్టి.

"మెట్లు ఎక్కువే బాబూ, గొంతులే లేవు. ఇది పియానో అంటాది, ఆర్గను అంటాది, అక్కడితో సరి. బడిపిల్లల ప్రార్థనకి పనికొస్తాది. మన పాముకీ, దెయ్యానికీ, విలన్ వొచ్చేటప్పటికీ ఏటి వాయించమంటారు?"

"అన్నీ దాన్లోనే ఉంటే మరి నువ్వెందుకురా?" అనేసి గోలక్ బాబు లోపలికి వెళ్లిపోయాడు.

పార్టీ రిహార్సళ్లు బిరూపా నది ఒడ్డున, మూతపడిన బియ్యం మిల్లు షెడ్డులో జరుగుతాయి. పియానోను అక్కడ గోడవారన పెట్టారు. దీనితో పని జరగదని అందరిముందూ రుజువు చేసి పారేయాలని బైకుంఠ మొదట అనుకున్నాడు. నాగుపాము పడగ విప్పేచోట పియానో టింగుటింగుమంటే గోలక్ బాబే తల పట్టుకుంటాడు, సింథసైజరు దానంతటదే వస్తుంది. తెలివైన ఆలోచనే. కానీ పనిమంతుడి చేతులు ఊరుకోవు. పియానోను ఇటు తిప్పుతుంటే దాని వీపున, కంప్యూటర్ తీగ పెట్టుకునే చిన్న కన్నం కనపడింది. అది చూడగానే బైకుంఠ తెలివి ఒక దారిన, చేతులు ఒక దారిన పోయాయి.

సాలేపూర్ బజారులో తీగ దొరికింది. ఒక కొస పియానో వీపున, రెండో కొస మూల పగిలిన తన ఫోనులో పెట్టాడు. ఊరికే వచ్చే సింథసైజరు యాప్ ఒకటి దింపుకున్నాడు. పియానో సొంత గొంతు నొక్కేశాడు. ఇక మెట్టు నొక్కితే కబురు ఫోనుకు పోతుంది, ఫోను పలికిన శబ్దం మిక్సరు గుండా స్పీకర్లలోకి వస్తుంది. పియానో వేళ్లు పెట్టుకునే చెక్క, అంతే. మొదట్లో నొక్కినదానికీ పలికినదానికీ మధ్య రెప్పపాటు ఆలస్యం వచ్చేది. తబలాకన్నా ఆ రెప్పపాటు ముందే నొక్కడం నేర్చుకున్నాడు. స్వరం జార్చడానికి పాతదానికి పక్కన చక్రం ఉండేది. దీనికి లేదు కాబట్టి ఫోను తెర మీద ఎడమ బొటనవేలితో రుద్ది ఆ జారుడు తెచ్చాడు. మహారాజు ప్రాణం విడుస్తున్నప్పుడు ఎవరో ఒకరు ఫోను చేస్తారని, కాల్స్ రాకుండా దాని నోరు కట్టేశాడు.

పాము బుస వచ్చింది. పిడుగు వచ్చింది. విలన్ అడుగు పెడితే గుండెల్లో రాయి పడ్డట్టు మోగే మోత వచ్చింది. తబలావాడు లేచి నిలబడి దణ్ణం పెట్టాడు.

ఇదంతా పక్కన చాప మీద కూర్చుని చూస్తున్నవాడు నటబర్. ఆ పార్టీలో క్లారినెట్ ఆయనది. గోలక్ బాబు తండ్రి పార్టీ పెట్టిన నాటినుంచీ ఆయనదే. బైకుంఠ ఆయన్ని మావా అంటాడు, ఆయన బైకుంఠను అల్లుడూ అంటాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు, నటబర్‌కు కూతురూ లేదు. పక్కపక్కన కూర్చుని వాయించేవాళ్లకు ఏదో ఒక వరస ఉండాలి కదా అని పెట్టుకున్నారు.

"అన్నీ అంటోందిగా, క్లారినెట్ అనమను చూద్దాం," అన్నాడు నటబర్.

బైకుంఠ యాప్‌లో వెతికి నొక్కాడు. నటబర్ ముఖం చిట్లించాడు.

"ఇదేటి అల్లుడూ, క్లారినెట్టా? బాతు గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టుంది. ఎవుడైనా వింటే నానే ఊదేననుకుంటాడు. తీసెయ్ దాన్ని."

"ఫోనోళ్లు పెట్టింది అంతే మావా."

"అయితే నాది పెట్టు."

యాప్‌లో ఎవరి శబ్దమైనా పట్టి పెట్టుకునే వీలుందని బైకుంఠకు తెలుసు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మిల్లులో వడ్లు పోసే గదిలోకి దూరారు. గోడలకు పరుపులు ఆనించి, తలుపు సందులో దుప్పటి కుక్కారు. నటబర్ ఒక్కొక్క స్వరమే ఊదాడు. మెత్తగా ఒకసారి, నిండుగా ఒకసారి. ఊది ఊది ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది. "ఇది పనికిరాదు, చివర వణికింది, మళ్లీ పట్టు" అని తానే ఆపేవాడు. మధ్యలో బైకుంఠ చాలన్నా ఒప్పుకోలేదు. సాయంత్రం ఆ స్వరాలన్నీ మెట్లకు అంటించి, బైకుంఠ జాత్రా మొదట్లో వాయించే స్తుతి బాణీ వాయించాడు. స్పీకర్లోంచి నటబర్ ఊపిరి వచ్చింది, షెడ్డు రేకుల దాకా నిండింది.

నటబర్ తొడ మీద చరుచుకున్నాడు. "ఒరేయ్, నానేరా! నోరు మూసుకుని కూకున్నాను, నానే వినిపిస్తన్నాను!"

అంత సంతోషం ఆయన ముఖంలో బైకుంఠ ఎన్నడూ చూడలేదు. తనకూ గర్వంగానే ఉంది. పియానోను పనికిరాదని తిప్పి పంపేయాలన్న మాట ఆ సాయంత్రానికి పూర్తిగా మరిచిపోయాడు.

ఆ వారంలోనే రథయాత్ర వచ్చింది. జాత్రావాళ్లకు సంవత్సరాది అదే. ఆ రోజు యజమాని పూజ చేసి ఒక్కొక్కరి చేతిలో తాంబూలం పెడతాడు. తాంబూలం పడ్డవాడు ఏడాదంతా పార్టీ మనిషి. ఏ వేషం, ఏ వాద్యం పేరు చెప్పి పెట్టాడో అది అతనిదే. ఆ తాంబూలం చేయి మారకూడదు. ఇది కనకబతి పార్టీలో రాయి మీద గీత. ఒకసారి విలన్‌గారు చుట్ట కాల్చుకోవడానికి బయటికి పోతే, ఆయన తాంబూలం పొరపాటున వంటవాడి చేతిలో పడింది. ఆ ఏడాదంతా విలన్ వేషం వంటవాడే వేశాడు. వాడు కత్తి ఎత్తితే జనం "వంకాయలు తరుగు, వంకాయలు తరుగు" అని అరిచేవారట. తాంబూలం మార్చేద్దామని అందరూ అన్నా, నియమం నియమమేనని ఆనాడు పట్టుబట్టినవాడు నటబరే. ఈ కథ చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుకునే కథ తమ మీదికే వస్తుందని ఎవరూ అనుకోరు.

తొలి తాంబూలం క్లారినెట్‌ది. నటబర్ స్తుతి బాణీ ఊదాలి, అది ముగియగానే గోలక్ బాబు ఆయన చేతిలో తాంబూలం పెట్టాలి, తర్వాతే మిగతావాళ్లు. అయితే నటబర్‌కు ఆ పొద్దున తన ఊళ్లో కూడా పని ఉంటుంది. నది అవతల వాళ్ల ఊరి రథం ముందు క్లారినెట్ ఊదే వంతు తన ఇంటిదే. ఏటా రథం కదిలించి, పడవ ఎక్కి వేళకు వచ్చేసేవాడు. ఈసారి ఎగువన వానలు పడి బిరూపా ఒక్కసారిగా పొంగింది. పడవలు ఆపేశారు.

షెడ్డులో హారతి పళ్లెం సిద్ధంగా ఉంది. పురోహితుడు వేళ మించిపోతోందని తొందర పెడుతున్నాడు. బైకుంఠ ఫోను చేశాడు.

"రేవు కాడే నిలబడున్నాను అల్లుడూ, ఎవుడూ కట్టు విప్పడం లేదు," అన్నాడు నటబర్. వెనక ఏటి హోరు వినపడుతోంది. "దీనికేటి, నా గొంతు నీ పెట్టెలోనే ఉంది గదా. నువ్వు వాయించీ. నా తాంబూలం అందుకుని ఉంచు. రేపొచ్చి తీసుకుంటాను."

బైకుంఠ వాయించాడు. కళ్లు మూసుకుని వింటే నటబర్ అక్కడే ఉన్నాడు. చాలామంది మూసుకునే విన్నారు. బాణీ ముగిసింది. గోలక్ బాబు వచ్చి, "క్లారినెట్," అంటూ చేతిలో తాంబూలం పెట్టాడు. బైకుంఠ రెండు చేతులూ చాచి అందుకున్నాడు. ఆ తర్వాత తన వంతు వచ్చినప్పుడు "కీబోర్డు" అంటూ ఇంకొకటి పెట్టాడు. ఎడమ జేబులో ఒకటి, కుడి జేబులో ఒకటి వేసుకుని, ప్రసాదం తిని, హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు మధ్యాహ్నానికి నటబర్ మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. చేతిసంచిలో ఆకుల్లో చుట్టిన పొడపిఠా తీపిరొట్టె, చంకలో క్లారినెట్. వస్తూనే, "ఏదిరా నా సొత్తు?" అని చెయ్యి చాచాడు. బైకుంఠ జేబులోంచి తాంబూలం తీశాడు. తమలపాకు వాడిపోయింది, వక్క మాత్రం అలాగే ఉంది.

"ఆగండి," అన్నాడు గోలక్ బాబు. ఆయన కుర్చీలోంచి లేవలేదు, గొంతు కూడా పెంచలేదు. "బైకుంఠా, అది ఎవరి చేతిలో పడింది?"

"మావది బాబూ. నాను అందుకున్నానంతే."

"నేనేం పేరు చెప్పి పెట్టాను?"

"క్లారినెట్ అని."

"వాయించిందెవరు?"

బైకుంఠకు అప్పుడు అర్థమైంది. "బాబూ, వాయించింది నానే గానీ, అది ఆయన ఊపిరి. ఆయనే చెప్పేడు అందుకోమని. ఏరు పొంగితే ఆయనేటి చేస్తాడు?"

"ఏరు పొంగడం నా తప్పా?" అన్నాడు గోలక్ బాబు. తర్వాత కాస్త తగ్గి, నటబర్ వైపు తిరిగాడు. "నటబర్ దాదా, నా మీద కోపం పెట్టుకోకు. డీజిలు పెరిగింది, ఊళ్లవాళ్లు ఇచ్చేది పెరగలేదు. దేవుడే ఒక నోరు తగ్గించాడనుకుంటాను. నియమం సంగతి నాకన్నా నీకే తెలుసు. వంటవాడి తాంబూలం నాడు మా నాన్న మార్చేద్దామంటే కూడదన్నదెవరు?"

అందరూ నటబర్ వైపు చూశారు. ఆయన చాచిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. దాన్ని మెల్లిగా వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు.

"నానే అన్నాను," అన్నాడు. "నియమం నియమమే బాబూ."

పొడపిఠా అందరికీ తానే పంచిపెట్టాడు. మొదటి ముక్క గోలక్ బాబుకే ఇచ్చాడు. బైకుంఠ ముక్క అందుకున్నాడు గానీ నోట్లో పెట్టుకోలేకపోయాడు. ఏటి ఒడ్డు దాకా వెంట వెళ్లి, "మావా, నన్ను తిట్టు," అన్నాడు.

"ఎందుకు తిట్టాలి? నానే ఊదేను, నానే ఇచ్చేను, నానే అందుకోమన్నాను. ఇంక నిన్ను తిట్టడానికి ఏటి మిగిలింది?" అని నటబర్ పడవ ఎక్కాడు. పడవ కదిలాక మాత్రం వెనక్కి చూడలేదు.

ఆ రోజునుంచి బైకుంఠకు పియానో ముందు కూర్చోవడమంటే శవం పక్కన కూర్చున్నట్టే ఉండేది. రథం గుడికి మరలి వచ్చే తిరుగు రథం నాటి సాయంత్రం మిల్లు ముంగిట్లో చుట్టుపక్కలవాళ్లకు ఉచితంగా నాటకం వేసి చూపించడం పార్టీ ఆనవాయితీ. అది దగ్గర పడుతోంది, రిహార్సళ్లు జోరుగా సాగుతున్నాయి. అతనికి ఒకటే దారి తోచింది. మొదట మరిచిపోయిన పని ఇప్పుడు చేయాలి. పెట్టెలోని క్లారినెట్ పనికిరాదని అందరి చెవులకూ తెలియాలి.

తల్లి కొడుకు శవం మీద పడి ఏడ్చే రంగం ఈ ఏటి నాటకానికి ఆయువుపట్టు. ఆ రంగమంతా క్లారినెట్టే నడపాలి. బైకుంఠ కావాలని ఆలస్యంగా ఎత్తుకున్నాడు. ఎక్కడ తెంపకూడదో అక్కడ తెంపాడు. బొటనవేలితో స్వరాన్ని శ్రుతి తప్పేదాకా జార్చాడు. అతని చెవులకే అసహ్యం వేసింది. రంగం ముగియగానే డైరెక్టరు లేచి వచ్చి భుజం తట్టాడు.

"భలే బైకుంఠా! ఆ జారుడు చూశావా, గుండె పిండేసింది. షోలో కూడా అలాగే ఉంచు."

గోలక్ బాబు తలాడించాడు. తబలావాడు కూడా తలాడించాడు. రెండో రోజు ఇంకా ఘోరంగా వాయించాడు. ఇంకా బాగుందన్నారు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు బైకుంఠ. ఒక్కడైనా, ఒక్కడైనా ఇది నటబర్ కాదురా అని అనడే!

అన్నది ఒక్క సౌదామిని. తల్లి వేషం ఆవిడదే. నిన్నమొన్నటి దాకా నాయిక వేషాలు వేసింది. భోజనాల వేళ, చేతిలో పఖాళ చద్దన్నం గిన్నెతో వచ్చి పియానో పక్కన కూర్చుంది.

"ఏటి తమ్ముడూ, ఎవుడి మీద కక్ష తీర్చుకుంటన్నావు?"

"నీకు తెలిసిందా అక్కా?"

"తెలీకేటి? నాను ఏడుపు మొదలెట్టకముందే నీ పెట్టె ఏడ్చీస్తోంది. ముసలాయన నా మెడ కేసి చూసేవోడు. ఇక్కడ ఊపిరి పట్టేననుకో," అంటూ గొంతు కింద గుంట చూపించింది, "అక్కడే ఆయనా పట్టీవోడు. నువ్వు చూడలేవు. నీ కళ్లు మెట్లకీ ఫోనుకీ చాలవు."

"ఆ మాట గోలక్ బాబుతో అను అక్కా. నువ్వంటే వింటాడు."

సౌదామిని ఉల్లిపాయ కొరికి చాలాసేపు నమిలింది. "ఈ ఏడు తల్లి వేషం ఇచ్చేడు. నోరు విప్పేననుకో, వచ్చే ఏడు ముసిలమ్మ వేషం కూడా ఇవ్వడు. నాను అనలేను తమ్ముడూ. నువ్వు కూడా ఊరికే చెడగొట్టకు. నువ్వు చెడగొడితే చెడిపోయేది నా ఏడుపే గానీ ఆయన సీటు తిరిగి రాదు."

ఆవిడ మీద కోపం వచ్చింది బైకుంఠకు. కానీ ఆవిడ ఆ మాత్రం నిజమైనా చెప్పింది. ఆ మధ్యాహ్నమే అతను రెండు తాంబూలాలూ తీసుకెళ్లి గోలక్ బాబు బల్ల మీద పెట్టాడు. ఆకులు ఎండి పొడిపొడిగా రాలాయి.

"నటబర్ మావ లేకుండా నాను వాయించను బాబూ. రెండూ మీరే ఉంచుకోండి."

గోలక్ బాబు నవ్వాడు. "పోరా, నీలాంటివాళ్లు కటక్‌లో వీధికి ఇద్దరున్నారు. పియానో నాది, ఇక్కడే ఉంటుంది."

"పియానో మీదే. ఫోను నాది. గొంతులన్నీ ఫోనులోనే ఉన్నాయి. నాను తీగ పీకి పట్టుకుపోతే, మీ పాము ప్రార్థన పాడుకోవాల్సిందే."

ఆ మాట గోలక్ బాబుకు తగిలింది. వక్కను వేలితో అటూ ఇటూ దొర్లిస్తూ కాసేపు కూర్చున్నాడు. బైకుంఠ నిలబడే ఉన్నాడు. ఇంట్లో ఎదిగే పిల్లలున్నవాడు, ఎదురు తిరగడం అతనికి అలవాటు లేని పని.

"సరే," అన్నాడు గోలక్ బాబు చివరికి. "తీసుకురా ముసలాణ్ని. తాంబూలం మార్చను, నియమం తప్పను. ఊరికే రమ్మను. వాద్యాలవాళ్ల గట్టు మీద నీ పక్కనే కూర్చోబెడతాను. తిండి పెడతాను, వచ్చినప్పుడల్లా చేతిలో ఏదో ఒకటి పెడతాను. చాలా?"

"చాలు బాబూ, చాలు," అన్నాడు బైకుంఠ. వంగి కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆ మాటల్లో ఏముందో, ఏం లేదో తరచి చూసే స్థితిలో లేడు.

మధ్యలో మళ్లీ పొంగిన ఏరు తిరుగు రథం ముందురోజుకు తగ్గింది. మొదటి పడవలోనే నది దాటాడు. నటబర్ ఇంటి వసారాలో కూర్చుని చేపల బుట్ట అల్లుతున్నాడు. ఆయనకు ఆ పని రాదని బుట్ట చూస్తేనే తెలుస్తోంది. క్లారినెట్ పెట్టె దూలానికి వేలాడదీసి ఉంది. సంగతి వినగానే ఆయన అల్లిక ఆపాడు. ఆయన భార్య కుంజ గుమ్మంలోంచి అంది: "అన్నానా లేదా? నువ్వు లేకపోతే ఆళ్లకి గడవదని అన్నానా లేదా? రథం నాటినుంచి ఈ మనిషి తిన్నది లేదు బాబూ. బుట్టలంట, బుట్టలు! దీంట్లో చేప కాదు, గేదె దూరిపోతాది."

"ఎవురు పట్టుబట్టేరు? గోలక్ బాబేనా?" అని అడిగాడు నటబర్.

బైకుంఠ అబద్ధం చెప్పాడు. "ఆయనే మావా. క్లారినెట్ లేకపోతే గట్టు బోసిగా ఉందన్నాడు."

నటబర్ ముఖం విప్పారింది. దూలానికున్న పెట్టె దించి, ముక్కలు ఒక్కొక్కటే తీసి నూనెగుడ్డతో తుడిచి బిగించాడు. కుంజ వడ్డించిన దాల్మా పప్పూ అన్నం ఇద్దరూ కడుపునిండా తిన్నారు. పడవలో దారి పొడుగునా ఆయన ఊదుతూనే ఉన్నాడు. కొన్నాళ్లు మానేసినందుకు పెదవులు మొరాయిస్తున్నాయి. ఏడుపు రంగం బాణీ మళ్లీ మళ్లీ పట్టాడు. పడవవాడు గడ వేయడం ఆపి విన్నాడు. బైకుంఠకు చాలా రోజుల తర్వాత లోకం బాగున్నట్టనిపించింది.

తిరుగు రథం నాటి మధ్యాహ్నం మిల్లు ముంగిట్లో వేదిక కట్టారు. మైకులవాడు గట్టు మీద తబలాకు రెండు, ఢోలకికి ఒకటి పెట్టాడు. పియానో తీగ మిక్సరుకు కలిపాడు. నటబర్ చాప పరుచుకుని, తన జాగాలో తాను కూర్చుని ఎదురు చూశాడు. మైకులవాడు మిగిలిన తీగలు చుట్టి సంచిలో వేసుకుంటున్నాడు.

"ఒరే బాబూ, నాకేదిరా?" అన్నాడు నటబర్.

వాడు గోలక్ బాబు వైపు చూశాడు. గోలక్ బాబు జరీ అంచు ఎర్రకోటు ఒకటి పట్టుకుని వస్తున్నాడు. దాన్ని నటబర్ భుజాల మీద తానే కప్పాడు.

"నీకు మైకెందుకు దాదా? నీ గొంతు పెట్టెలో ఉంది కదా, వయసులో ఉన్నప్పటిలాగే పలుకుతోంది. నువ్వు ఊదితే రెండూ కలిసి గోల అవుతుంది. నువ్వు ఊరికే మూతి దగ్గర పెట్టుకుని వేళ్లు ఆడించు. పల్లెటూళ్లవాళ్లకి క్లారినెట్ కంటికి కనపడాలి, మెరవాలి. అంతే."

బైకుంఠ లేచి నిలబడ్డాడు. "బాబూ, ఇదేటి? నాను అడిగింది ఇదా?"

"గట్టు మీద కూర్చోబెడతానన్నాను. కూర్చోబెట్టాను. అబద్ధమాడానా?"

బైకుంఠ చెయ్యి ఫోను తీగ మీదికి పోయింది. పీకేద్దామనే పోయింది. ఆ మణికట్టును నటబర్ పట్టుకున్నాడు. పట్టు గట్టిగా ఉంది, గొంతు మాత్రం అలా లేదు.

"ఒద్దు అల్లుడూ. ఇంటి కాడ కుంజ ఊరంతా చెప్పీసి ఉంటాది." తర్వాత గోలక్ బాబు వైపు తిరిగి, "సరే బాబూ," అన్నాడు. కోటు చేతులు పొడుగైతే మడుచుకున్నాడు.

పొద్దు వాలేసరికి జనం వచ్చేశారు. పిల్లలు వేదిక కిందికి దూరారు. నటబర్ క్లారినెట్ ఎత్తి పెదవులకు ఆనించాడు. ఛాతీ నిండా గాలి పీల్చి, లోపలే ఆపాడు. బైకుంఠ మెట్టు నొక్కాడు. స్తుతి బాణీ మిల్లు గోడలు దాటి నది మీదికి పోయింది. నటబర్ వేళ్లు ఒక్కటి తప్పకుండా రంధ్రాల మీద కదిలాయి, బుగ్గలు ఉబ్బాయి, మెడనరాలు లేచాయి. చూసేవాళ్లకు లోటేమీ లేదు. పక్కన కూర్చున్న బైకుంఠకు మాత్రం ఆయన ముక్కులోంచి మెల్లిగా వదిలే గాలి వినపడింది. విన్నకొద్దీ ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

రంగాలు గడిచాయి. తల్లి ఏడుపు వచ్చింది. సౌదామిని జుట్టు విరబోసుకుని కొడుకు మీద పడింది. ఈసారి బైకుంఠ చెడగొట్టలేదు. నటబర్ ఆవిడ మెడ చూస్తుంటే, తాను నటబర్ మెడ చూసి మెట్లు నొక్కాడు. ఆయన ఊపిరి పడితే పట్టాడు, వదిలితే వదిలాడు. అప్పటిదాకా ఆ పెట్టె అంత బాగా ఎన్నడూ పలకలేదు. ఏడుపు పైస్థాయికి ఎక్కుతోంది. ఆ పైస్వరం సాగుతుండగానే నటబర్ క్లారినెట్‌ను పెదవుల మీంచి తీసేశాడు. తీసి, ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకుని కూర్చున్నాడు.

స్వరం సాగుతూనే ఉంది.

బైకుంఠ వేలు మెట్టు మీద బిగుసుకుపోయింది. దీపాల వెలుగులో ఎర్రకోటు తళతళ మెరుస్తోంది. ఎవరైనా చూస్తారు, ఎవరో ఒకరు వేలెత్తి చూపిస్తారు, నవ్వుతారు, లేకపోతే తిడతారు, ఏదో ఒకటి జరుగుతుంది అనుకున్నాడు. జరగాలనే కోరుకున్నాడు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకుంటున్నారు. ముందువరసలో గోలక్ బాబు కూడా తుడుచుకుంటున్నాడు. ఒక్క తలా గట్టు వైపు తిరగలేదు. ఇక తన వేలు ఎత్తితే శబ్దం ఆగుతుంది, అప్పుడైనా అందరికీ తెలుస్తుంది. అతను వేలు ఎత్తబోయాడు.

"ఆపకు," అన్నాడు నటబర్, సౌదామిని మీంచి చూపు తిప్పకుండానే. "ఆవిడ ఏడుపు ఇంకా అవ్వలేదు."

బైకుంఠ ఆపలేదు. ఏడుపు పూర్తయ్యేదాకా, చివరి స్వరం సన్నగిల్లి పోయేదాకా వాయించాడు. చప్పట్లు వాన పడ్డట్టు మోగాయి. పాన్ దుకాణం మాగుణి జనాన్ని తోసుకుంటూ గట్టు దగ్గరికి వచ్చి, తన మెడలోని బంతిపూల దండ తీసి నటబర్ మెడలో వేశాడు. అతని కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఏం ఊదేవు తాతా! చిన్నప్పుడు విన్నాను, మళ్లీ ఇన్నాళ్లకి విన్నాను. ప్రాణం లాగీసేవు."

నటబర్ రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. మాగుణి వెళ్లిపోయాక కూడా చేతులు కాసేపు అలాగే ఉంచాడు. తర్వాతి రంగానికి గంట మోగింది. ఆయన క్లారినెట్ మూతికి బిగించిన రీడు పట్టీ వదులు చేసి, సన్నటి రెల్లు పలకలాంటి ఆ రీడు ఊడదీసి, గుడ్డతో తుడిచి చొక్కాజేబులో వేసుకున్నాడు. అది లేకపోతే ఎంత ఊదినా క్లారినెట్ పలకదు. అప్పుడు దాన్ని ఎత్తి పెదవులకు ఆనించుకుని, "కానియ్ అల్లుడూ," అన్నాడు.